రాడ్ బెండింగా, ఫ్యాబ్రికేషనా, ఎరెక్షనా: ఇనుప పనిలోకి దిగేవాళ్ళు ఏది ఎంచుకోవాలి?

సైట్ గేటు దగ్గర ఏం పనని అడిగితే ముగ్గురూ "ఐరన్ పని" అనే చెబుతారు. ఒకతను స్లాబు మీద రాడ్లు కడతాడు, అది రాడ్ బెండింగ్. ఇంకొకతను షాపులో బీముకి ప్లేటు వెల్డింగ్ చేస్తాడు, అది ఫ్యాబ్రికేషన్. మూడో అతను ఆ బీమును క్రేను పైకి లేపాక, ఎత్తులో నిలబడి బోల్టులు బిగిస్తాడు, అది ఎరెక్షన్. ఈ మూడింటికీ కావాల్సిన ఒళ్ళు వేరు, నేర్చుకునే తీరు వేరు, పదేళ్ళ తర్వాత చేరే చోటు వేరు. ఊళ్ళో మాత్రం "ఫలానావాళ్ళ అబ్బాయి ఐరన్ పనిలో రోజుకి ఇంత తెస్తున్నాడట" అన్న మాట ఒక్కటి విని కుర్రాళ్ళు బయల్దేరిపోతున్నారు. ఏ మేస్త్రీ పిలిస్తే ఆ మేస్త్రీ వెంట వెళ్ళడమే. ముందే మూడు పనులూ పక్కపక్కన పెట్టి చూసుకునేవాళ్ళు చాలా తక్కువ.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. పాతికేళ్ళ లోపు వయసుండి, ఇంట్లో అప్పుల ఒత్తిడి లేకపోతే ఫ్యాబ్రికేషన్ షాపులో ముక్కలు జతచేసే ఫిట్టర్ దగ్గర హెల్పర్‌గా మొదలుపెట్టండి. వచ్చే నెల నుంచే ఇంటికి డబ్బు పంపక తప్పదంటే రాడ్ బెండింగ్‌కి వెళ్ళండి. ఎరెక్షన్‌కి మాత్రం జీతం చూసి వెళ్ళొద్దు. పని ఇచ్చేవాడు మీ ప్రాణానికి ఏం ఏర్పాట్లు చేశాడో చూసి, అవి బాగుంటేనే వెళ్ళండి.

రాడ్ బెండింగ్

పునాదిలో జాలీ, పిల్లర్లు, బీములు, స్లాబు... కాంక్రీటు పడే ప్రతి చోటా ముందు రాడ్ల పని ఉంటుంది. మండల కేంద్రంలో కట్టే రెండంతస్తుల ఇంటికీ కావాలి, కోకాపేటలో లేచే టవర్లకీ కావాలి. అందుకే ఈ పనికి కరువు రాదు. చదువు అడగరు. హెల్పర్‌గా చేరినవాళ్ళు రాడ్లు మోయడం, పిల్లరు, బీము రాడ్ల చుట్టూ వేసే రింగులు వంచడం, కొక్కెంతో బైండింగ్ వైరు మెలిపెట్టడం కొన్ని వారాల్లో పట్టేస్తారు. మూడు పనుల్లోనూ చేతికి డబ్బు త్వరగా వచ్చేది ఇందులోనే.

అయితే ఆ డబ్బు ఎలా లెక్క కడుతున్నారో తెలుసుకోకపోతే కష్టమంతా ఎక్కడికి పోయిందో అర్థం కాదు. రోజు కూలీ అయితే గొడవ లేదు, హాజరు ఉంటే డబ్బు ఉంటుంది. గుత్తకైతే కిలోకి ఇంత, టన్నుకి ఇంత అని మాట్లాడతారు. ఇక్కడే కొత్త గ్యాంగులు దెబ్బతింటాయి. రాడ్డు మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, 162తో భాగిస్తే మీటరుకి ఎన్ని కిలోలో వస్తుంది. ఈ ఒక్క సూత్రం నోటికి వచ్చి ఉండాలి. 12 మీటర్ల 8 ఎంఎం రాడ్డు ఐదు కిలోలు కూడా ఉండదు. అదే పొడవు 25 ఎంఎం రాడ్డు 46 కిలోలు, 32 ఎంఎం అయితే దాదాపు 76 కిలోలు. కట్టాల్సిన ముడికి పట్టే సమయం మాత్రం దేనికైనా ఇంచుమించు ఒకటే.

లెక్క కోసం కిలోకి 8 రూపాయలు, గ్యాంగులో ఆరుగురు అనుకుందాం. టవర్ పునాదిలో లావు రాడ్ల పని దొరికి రోజుకి టన్నున్నర కడితే 12,000 రూపాయలు, మనిషికి 2,000. వాళ్ళే మరుసటి నెల మెట్లు, సన్‌షేడ్లు, సన్న రింగుల పనిలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒళ్ళు వంచినా 600 కిలోలే తేలాయనుకోండి, మనిషికి 800. రేటు మారలేదు, కష్టం తగ్గలేదు. కాబట్టి ఒప్పుకునే ముందు డ్రాయింగ్ చూడాలి. సన్న రాడ్ల పనికి వేరే రేటు అడగాలి, కుదరకపోతే ఆ పని వరకు రోజు కూలీ మీద చేస్తామని చెప్పాలి. బైండింగ్ వైరు ఎవరిది, యార్డు నుంచి స్లాబు దాకా రాడ్లు చేర్చడం ఎవరి ఖర్చు, టవర్ క్రేను ఖాళీ లేక కూర్చున్న రోజుకి ఏమిస్తారు, బిల్లు తూకం మీదా లేక డ్రాయింగ్ కొలత మీదా అన్నవి కూడా అప్పుడే తేల్చుకోవాలి. పని మొదలయ్యాక అడిగితే జవాబు రాదు.

ఒంటి సంగతి దాచకుండా చెప్పాలి. స్లాబు జాలీ కట్టేటప్పుడు రోజంతా నడుము వంచే ఉంటుంది. భుజం మీద రాడ్డు మోత, మే నెల ఎండకి కాలిపోయే ఇనుము, మోకాళ్ళ మీద బరువు, ఇవన్నీ ఏళ్ళ తరబడి పేరుకుంటాయి. నేను చూసిన సైట్లలో నలభై అయిదు దాటాక కూడా వంగి కట్టేవాళ్ళు అరుదు. ఆ వయసుకి మేస్త్రీ అయి ఉండాలి, లేదా వేరే పనికి మారి ఉండాలి. ఇది నేల మీద చేసే పని, భయం లేదు అనుకోవడం కూడా పొరపాటు. ముప్పయ్యో అంతస్తులో స్లాబు అంచున పిల్లరు కట్టేవాళ్ళకి ఎరెక్టర్‌కి ఉన్నంత ముప్పూ ఉంది. పిల్లరు రాడ్ల బోనుకి నాలుగు వైపులా సపోర్టు ఇవ్వకుండా ఎక్కితే బోనుతో సహా పడిపోతారు.

మేస్త్రీ కావాలంటే చెయ్యి వేగం ఒక్కటే చాలదు. బార్ బెండింగ్ షెడ్యూలు, అంటే బీబీఎస్, చదవడం రావాలి. ఏ రాడ్డు ఎంత పొడవు కోయాలి, ఎక్కడ వంచాలి, ల్యాప్ (రెండు రాడ్లు పక్కపక్కన కలిసే భాగం) ఎక్కడ వెయ్యాలి, కవర్ (రాడ్డు బయట ఉండే కాంక్రీటు మందం) ఎంత ఉండాలి అన్నీ అందులోంచే వస్తాయి. బీబీఎస్ తయారు చేయగలిగిన మేస్త్రీకి తుక్కు తగ్గుతుంది, ఇంజనీరు దగ్గర మాట చెల్లుతుంది. ఇంకో ముఖ్యమైన సంగతి రింగు కొక్కెం. భూకంపాలను దృష్టిలో పెట్టుకుని రాసిన భారత ప్రమాణం ఐఎస్ 13920 ప్రకారం రింగు కొనలు 135 డిగ్రీలు లోపలికి వంగి ఉండాలి. గుత్త తొందరలో చాలామంది 90 దగ్గర ఆపేస్తారు. పిల్లరు కుదుపుకి లోనైనప్పుడు అలాంటి రింగు విచ్చుకుంటుంది, లోపలి నిలువు రాడ్లు బయటికి ఉబ్బుతాయి. 2001 భుజ్ భూకంపంలో కూలిన కాంక్రీటు భవనాల్లో ఇలాంటి రింగుల లోపాలు బయటపడ్డాయి. ఆ ఇంట్లో పడుకునేవాళ్ళకి మన పేరు కూడా తెలియదు, కానీ వాళ్ళ ప్రాణం మనం వంచిన ఆ కొక్కెంలో ఉంది. ఈ పని చేసేవాళ్ళు ఇది మనసులో పెట్టుకోవాలి.

రాబోయే రోజుల గురించి ఒక మాట. పెద్ద ప్రాజెక్టులకి ఫ్యాక్టరీలోనే కోసి వంచిన రాడ్లు లారీలో వస్తున్నాయి. అంటే సైట్‌లో వంచే పని తగ్గుతుంది, కట్టే పని ఉంటుంది. వంచడం మాత్రమే తెలిసినవాళ్ళు ఇప్పటినుంచే డ్రాయింగ్ చూసి కట్టడం కూడా నేర్చుకోవాలి.

ఫ్యాబ్రికేషన్ షాపు

హైదరాబాద్ చుట్టూ పటాన్‌చెరు, పాశమైలారం, సదాశివపేట వైపు, విశాఖలో ఆటోనగర్ వైపు వెళితే ఈ షాపులు కనిపిస్తాయి. గోడౌన్లు, ఫ్యాక్టరీ షెడ్లు, బ్రిడ్జి గర్డర్లు ఇక్కడ ముక్కలు ముక్కలుగా తయారై లారీల్లో సైట్‌కి వెళతాయి. ప్లేటు మీద మార్కింగ్, గ్యాస్ కటింగ్, డ్రిల్లింగ్, ముక్కలు జతచేసి ట్యాక్ (కదలకుండా చిన్న అతుకులు) వేయడం, పూర్తి వెల్డింగ్, గ్రైండింగ్, పెయింటింగ్. పని ఈ వరసలో నడుస్తుంది.

చేరిన మొదటి ఏడాది జీతం చూస్తే నిరాశ కలుగుతుంది. రాడ్ బెండింగ్‌కి వెళ్ళిన స్నేహితుడు అప్పటికే బండి కొనుక్కుని ఉంటాడు. హెల్పర్‌గా గ్రైండర్ పట్టుకుని, ప్లేట్లు మోస్తూ గడపాలి. చాలామంది ఇక్కడే ఓపిక కోల్పోయి వెళ్ళిపోతారు. ఆ ఏడాది నిలబడిన వాళ్ళకి రెండు దారులు తెరుచుకుంటాయి: ఫిట్టర్, వెల్డర్.

వెల్డర్‌కి పేరు ఎక్కువ, ఫిట్టర్‌కి పట్టు ఎక్కువ. డ్రాయింగ్ చూసి ఏ ముక్క ఎక్కడ, ఏ కోణంలో, ఎంత ఖాళీతో కూర్చోవాలో నిర్ణయించేది ఫిట్టరే. అతను పెట్టిన చోటే వెల్డర్ అతుకుతాడు. ఫోర్‌మన్ అయ్యేది ఎక్కువగా ఫిట్టర్లే. కళ్ళు, ఊపిరితిత్తులు కూడా కాస్త తక్కువ అరుగుతాయి. అందుకే ముందు ఫిట్టర్ పని, పక్కనే వెల్డింగ్ నేర్చుకోమంటాను. రెండూ వచ్చినవాళ్ళకి పని లేని రోజంటూ ఉండదు.

వెల్డింగ్‌లో ఒక గొప్ప సౌకర్యం ఉంది. నైపుణ్యాన్ని మాటల్లో చెప్పుకోనక్కర్లేదు, టెస్ట్ ప్లేటు మీద చూపిస్తే చాలు. పడుకోబెట్టిన ప్లేటు మీద చేసేది 1జీ, నిలువుగా 3జీ, తల మీద 4జీ, 45 డిగ్రీల వాలులో కదలని పైపు చుట్టూ చేసేది 6జీ. 6జీ పాసైన చేతికి దేశంలోనూ బయటా గిరాకీ ఉంటుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు ఊళ్ళ నుంచి వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు (క్రేనుకి బరువులు కట్టి లేపించేవాళ్ళు) ఏళ్ళ తరబడి విదేశాలకు వెళుతున్నది ఈ చేతి పని బలంతోనే.

ఐటీఐలో వెల్డర్ కోర్సు ఒక ఏడాది, ఎనిమిది పాసైనా చేరవచ్చు. ఫిట్టర్ రెండేళ్ళు, పది పాసై ఉండాలి. హైదరాబాద్‌లోని న్యాక్, అంటే నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్, 1998 నుంచి నిర్మాణ పనుల్లో శిక్షణ ఇస్తోంది. ఎల్ అండ్ టీ నడిపే నిర్మాణ శిక్షణ కేంద్రాల్లో రాడ్ బెండింగ్ కూడా పద్ధతిగా నేర్పుతారు. సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన మొదటి జీతం పెద్దగా పెరగదు. తర్వాత పెద్ద కంపెనీలోకి మారాలన్నా, విదేశానికి వెళ్ళాలన్నా మాత్రం అది లేకపోతే గేటు దాటనివ్వరు.

షాపులో ప్రమాదాలు కళ్ళకి కనిపించేవి కావు. కంటికి అద్దం లేకుండా ఆర్క్ (వెల్డింగ్ మెరుపు) చూస్తే ఆ రాత్రి కళ్ళలో ఇసుక పోసినట్టు మండుతుంది. గాల్వనైజ్డ్ ఇనుము మీద వెల్డింగ్ చేస్తే వచ్చే జింకు పొగతో సాయంత్రానికి చలిజ్వరం వస్తుంది. పాలు తాగితే విరుగుతుందని షాపుల్లో గట్టి నమ్మకం. పాలు ఆ పొగని ఆపలేవు. ఆపేది పొగని బయటికి లాగే ఫ్యాను, ముక్కుకి సరైన రెస్పిరేటరు. గ్రైండింగ్ డిస్కు మీద రాసిన వేగం మెషీను వేగం కంటే తక్కువగా ఉన్నా, గడువు తేదీ దాటినా తిప్పవద్దు. గార్డు తీసేసిన గ్రైండర్‌ని ఎవరు ఇచ్చినా పట్టుకోవద్దు.

ఇంకొక లాభం జీతం చీటీలో కనిపించదు. షాపు కదలదు. గది అద్దెకి తీసుకుని, పెళ్ళాం పిల్లలతో ఒకే చోట ఉండి, పిల్లల్ని ఒకే బడికి పంపవచ్చు. మిగతా రెండు పనుల్లో సైట్ అయిపోతే మూట సర్దుకోవాల్సిందే. పెళ్ళైనవాళ్ళు దీనికి ఎంత విలువ కడతారో వాళ్ళే తేల్చుకోవాలి. నేనైతే చాలా ఎక్కువ కడతాను.

ఎరెక్షన్

హైదరాబాద్‌లో ఇందిరా పార్క్ నుంచి వీఎస్టీ దాకా 2023లో తెరిచిన స్టీల్ బ్రిడ్జి కింద నుంచి వెళ్ళినప్పుడు తలెత్తి ఉక్కు గర్డర్లను చూడండి. ఇరుకు రోడ్డు మీద, ట్రాఫిక్ మధ్యలో వాటిని ఒక్కొక్కటిగా లేపి కూర్చోబెట్టింది ఎరెక్టర్లు, రిగ్గర్లు. అమరావతి సచివాలయ టవర్లకి ఎంచుకున్న డయాగ్రిడ్ (ఉక్కు దూలాలను ఏటవాలుగా అల్లినట్టు కట్టే) నిర్మాణం కూడా ఈ చేతుల మీదుగా లేవాల్సిందే. ఉక్కు నిర్మాణాలు పెరుగుతున్న కొద్దీ ఈ పనీ పెరుగుతుంది. ఇందులో ఒక రకమైన గర్వం ఉంది, అది నిజమైనదే. నిన్న ఖాళీగా ఉన్న చోట ఇవాళ సాయంత్రానికి ఒక ఫ్రేము నిలబడి ఉంటుంది.

రెండు రకాల పనివాళ్ళు ఉంటారు. రిగ్గరు స్లింగు, డి షాకిల్, చైన్ పుల్లీ లాంటి బరువు కట్టి లేపే సామాను చూసుకుంటాడు, బరువు అంచనా వేస్తాడు, క్రేన్ ఆపరేటర్‌కి సైగలు ఇస్తాడు. ఎరెక్టర్ పైన ఉండి ముక్కని అందుకుని, రంధ్రాలు కలిపి బోల్టు వేస్తాడు. ఎదగడానికి రిగ్గర్ దారి మంచిది. అక్కడ నుంచి రిగ్గింగ్ సూపర్‌వైజర్ దాకా వెళ్ళవచ్చు, వయసు మీదపడ్డాక కూడా కింద నిలబడి చేయగల పని.

మీకు బీపీ, మూర్ఛ, కళ్ళు తిరగడం ఉంటే ఈ పని వద్దు. దాచిపెట్టి హైట్ పాస్ (ఎత్తులో పని చేసే అనుమతి) తెచ్చుకోవడం మీ ప్రాణంతో పాటు కింద ఉన్నవాళ్ళ ప్రాణాన్ని కూడా పణంగా పెట్టడమే.

ఇక చేరే ముందు సైట్‌కి ఒకసారి వెళ్ళి చూడాల్సినవి ఉన్నాయి. పైన ఉన్నవాళ్ళ ఒంటి మీద నడుముకి కట్టే పాత బెల్టు ఉందా, ఫుల్ బాడీ హార్నెస్ ఉందా? దానికి రెండు కొక్కేలు ఉన్నాయా? ఒక్క కొక్కెమే ఉంటే ఒక చోటు నుంచి ఇంకో చోటుకి మారే ప్రతిసారీ మనిషి ఏ ఆధారం లేకుండా ఉంటాడు. రెండు ఉంటే ఒకటి తగిలించాకే ఇంకోటి తీయవచ్చు. కొక్కెం తగిలించడానికి లైఫ్‌లైన్ (గట్టిగా బిగించిన భద్రతా తాడు) కట్టారా, లేక "ఎక్కడో ఒక చోట తగిలించుకో" అంటున్నారా? కొక్కెం తలకంటే ఎత్తులో తగలాలి.

చాలామందికి తెలియని లెక్క ఇంకొకటి. హార్నెస్ నుంచి కొక్కెం దాకా ఉండే తాడును లాన్యార్డ్ అంటారు, మామూలుది 1.8 మీటర్ల పొడవు ఉంటుంది. పడినప్పుడు షాక్ అబ్జార్బర్ విచ్చుకుని ఇంకో మీటరున్నర పైగా సాగవచ్చు. మనిషి ఎత్తు, కాస్త అదనపు ఖాళీ కలిపితే కొక్కెం ఉన్న చోటి నుంచి కింద దాదాపు 6 మీటర్లు ఖాళీ ఉండాలి. నాలుగు మీటర్ల ఎత్తులో అదే లాన్యార్డ్ వేసుకుంటే హార్నెస్ ఉన్నా నేల తగులుతుంది. అక్కడ పొట్టి లాన్యార్డ్, లేదా పడగానే పట్టేసే రీలు, లేదా నెట్ కావాలి. హార్నెస్‌లో వేలాడుతున్న మనిషిని నిమిషాల్లో కిందికి దించే ఏర్పాటు ఏమిటని సూపర్‌వైజర్‌ని అడగండి. ఆయన తడుముకుంటే ఆ సైట్ వదిలేయండి.

షెడ్ల ఎరెక్షన్‌లో ఫ్రేముకి ఫ్రేము కూలే ప్రమాదం ఎక్కువగా పని మధ్యలోనే ఉంటుంది. పూర్తయిన షెడ్డు గాలిని తట్టుకుంటుంది, సగం నిలబెట్టినది తట్టుకోదు. అందుకే మొదటి రెండు ఫ్రేములకి బ్రేసింగ్ (ఫ్రేములు వాలకుండా పట్టి ఉంచే ఏటవాలు కట్లు) పూర్తిగా బిగించాకే మూడోదానికి వెళ్ళాలి, అప్పటిదాకా నేలకి లాగి కట్టే గై రోపులు ఉండాలి. "బ్రేసింగ్ తర్వాత చూద్దాం, ముందు స్తంభాలు లేపేయండి" అనే మాట వినిపిస్తే కిందికి దిగిపోవడమే సరైన పని. గాలి పెరిగినా, వాన పడి ఉక్కు తడిసినా అంతే. ఉక్కు ఎరెక్షన్‌కి ఐఎస్ 7205 అనే భద్రతా నియమావళి 1974 నుంచే ఉంది. అడిగే హక్కు మనకి కొత్తగా ఎవరో ఇచ్చింది కాదు.

మేస్త్రీ కిందా, కంపెనీ రోల్‌లోనా?

ఏ పని ఎంచుకున్నా ఈ ప్రశ్న వస్తుంది. మేస్త్రీ దగ్గర చేతికి వచ్చేది ఎక్కువ కనిపిస్తుంది. కంపెనీ రోల్‌లో పీఎఫ్ 12 శాతం కోత కనిపిస్తుంది, జీతం ఇచ్చే కంపెనీ కూడా తన వాటా కడుతుందన్నది కనిపించదు. నెల జీతం 21,000 రూపాయల లోపు ఉంటే ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల బీమా, వస్తుంది. దానికి మీ జీతంలోంచి పోయేది 0.75 శాతమే. వేలు నలిగి మూడు నెలలు ఇంట్లో కూర్చున్నప్పుడు మేస్త్రీ కింద పనికీ కంపెనీ రోల్‌కీ తేడా తెలుస్తుంది. అడ్వాన్సు ఎక్కువ ఇస్తానన్న మేస్త్రీ దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అడ్వాన్సు తీరేదాకా సైట్ నచ్చకపోయినా కదల్లేరు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం నియామక పత్రం ఇవ్వాలి, అడగండి.

మేస్త్రీ కింద చేసినా భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేయించుకోండి. 18 నుంచి 60 ఏళ్ళ మధ్య వయసుండి, గడిచిన ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసి ఉంటే చాలు. కార్డు చేయించుకుని ట్రంకు పెట్టెలో పెట్టేస్తారు చాలామంది. గడువు తీరకముందే రెన్యువల్ చేయించుకోకపోతే అవసరమైన రోజున అది పనికిరాదు. ఆ నంబరు ఇంట్లోవాళ్ళకి తెలిసి ఉండాలి.

గల్ఫ్ మాట

జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు ఇళ్ళలో ఇది ఎప్పుడూ ఉండే చర్చ. అక్కడ రాడ్ బెండర్‌ని స్టీల్ ఫిక్సర్ అంటారు, ప్రకటనల్లో ఆ పేరే వెతకాలి. నా సలహా ఏమిటంటే, ఏమీ రాకుండా హెల్పర్‌గా వెళ్ళొద్దు. ఇక్కడ రెండు మూడేళ్ళు చేసి, వెల్డింగ్ టెస్టో రిగ్గింగ్ సర్టిఫికెట్టో చేతిలో పెట్టుకుని వెళితే అక్కడ మొదటి మెట్టు వేరుగా ఉంటుంది. ఎండ భయంకరమే. ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు, యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా 12:30 నుంచి 3 వరకు ఆరుబయట పని నిషేధం. ఇది తెలిసి ఉంటే అక్కడ అడగగలరు.

పది పాస్ కానివాళ్ళ పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ రకం, అంటే పనికి వెళ్ళే ముందు ప్రభుత్వ అనుమతి కావాల్సినది. వాళ్ళు గల్ఫ్ దేశాలకి పనికి వెళ్ళాలంటే ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్ ద్వారా అనుమతి ఉండాలి, 10 లక్షల ప్రమాద బీమా ఉన్న ప్రవాసీ భారతీయ బీమా యోజన తీసుకోవాలి. లైసెన్సు ఉన్న ఏజెంటు సర్వీసు చార్జీగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ తప్ప ఎక్కువ తీసుకోకూడదు. లక్షన్నర, రెండు లక్షలు అడిగేవాడి దగ్గర లైసెన్సు నంబరు తీసుకుని ఈ-మైగ్రేట్ సైట్‌లో సరిచూడండి. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓమ్‌క్యాప్ విదేశీ ఉద్యోగాలు చూసే ప్రభుత్వ సంస్థలే, ముందు అక్కడ విచారించండి. "విజిట్ వీసా మీద వెళ్ళండి, అక్కడ మార్పిస్తాం" అంటే పాస్‌పోర్టు ఇవ్వకండి. ఇచ్చేసి ఉంటే ముందు పాస్‌పోర్టు వెనక్కి తీసుకుని, తర్వాత మాట్లాడండి.